ఆ ‘ప్రజల్లో’ మీరున్నారా?

బడ్జెట్ వచ్చిన రోజు సాయంత్రం ఏ చానెల్ పెట్టినా ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది. ‘ఇది పాపులిస్ట్ బడ్జెట్’ అని ప్రతిపక్షం ఆయన అంటాడు. ‘కాదు, ఇది ప్రజల బడ్జెట్’ అని అధికార పక్షం ఆయన అంటాడు. ఇద్దరూ బాగా అరుచుకునేలా యాంకర్ చూసుకుంటాడు. మర్నాటికి మన ఫోన్లో మిగిలేది రెండు రీల్స్, నాలుగు మీమ్స్. ఆ మాటకు అర్థం ఏమిటో మాత్రం ఎవరూ చెప్పరు.

మన పేపర్లు దానికి ‘జనాకర్షకం’ అని ఓ తెలుగు మాట పెట్టుకున్నాయి. అంటే జనాన్ని ఆకర్షించేది. సరే, జనాన్ని ఆకర్షించాలని చూడని పార్టీ ఏదైనా ఉందా? ఓట్లు వద్దనుకునే నాయకుణ్ని మీరెప్పుడైనా చూశారా? ఆ లెక్కన అందరూ పాపులిస్టులే అవ్వాలి. అలా కుదరదు కాబట్టి, మన వాడుకలో ఆ మాటకు ఒక్క అర్థమే మిగిలింది: పేదవాళ్లకు ఏదో ఒకటి ఊరికే ఇవ్వడం. కిలో రెండు రూపాయల బియ్యం, ఉచిత కరెంటు, ఆడవాళ్లకు ఉచిత బస్సు... అన్నీ ఆ ఖాతాలోనే రాసేస్తున్నాం.

మరి ఇది చూడండి. 2019 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం, మినహాయింపులు వదులుకునే కంపెనీలకు ఆదాయపు పన్నును 30 శాతం నుంచి 22 శాతానికి తగ్గించింది. దాన్ని ‘సంస్కరణ’ అన్నారు. పేదింటి ఆడమనిషి బస్సు టికెట్ మాఫీ చేస్తే ‘పాపులిజం’, కంపెనీ పన్ను తగ్గిస్తే సంస్కరణ. రెండూ మంచివే కావచ్చు, రెండూ తప్పే కావచ్చు. వాటిమీద వాదించుకోవచ్చు. కానీ తిట్టు మాత్రం ఒకరికే దాచిపెట్టాం.

నన్నడిగితే, అసలు పాపులిజం కోసం బియ్యం బస్తాలో వెతకడం దండగ. అది ‘ప్రజలు’ అనే మాటలో దాక్కుని ఉంటుంది. ఎలాగో తెలియాలంటే ఆ పేరు పుట్టిన చోటికి వెళ్లాలి.

పేరు పెట్టుకున్నది రైతులు

అది అమెరికా. 1880లు, 90ల కాలం. పత్తి ధర, గోధుమ ధర ఏటికేడాది పడిపోతున్నాయి. దక్షిణాది రాష్ట్రాల్లో చిన్న రైతు పరిస్థితి ఎలా ఉండేదంటే, విత్తనం, ఎరువు, ఇంట్లోకి సరుకులు అన్నీ ఊళ్లో షాపు యజమాని దగ్గర అప్పు. పంట చేతికొచ్చాక ఆ పంట ఆయనకే. లెక్క చూస్తే ఇంకా బాకీ. గుంటూరు మిర్చి రైతుకూ, వరంగల్ పత్తి రైతుకూ ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. పశ్చిమాన గోధుమ రైతుకు ఇంకో పీడ. పంట ఊరు దాటాలంటే రైలు తప్ప దిక్కు లేదు. ఆ రైలు కంపెనీ ఎంత చార్జీ అంటే అంత కట్టాల్సిందే.

పైగా డబ్బు బంగారంతో ముడిపడి ఉండేది. జనం పెరుగుతున్నారు, పంటలు పెరుగుతున్నాయి, చలామణీలో ఉన్న డబ్బు మాత్రం ఆ వేగంతో పెరగడం లేదు. దాంతో ధరలు పడిపోయాయి. ధర పడితే అప్పు పడదు కదా! తీసుకున్నప్పుడు పది బస్తాలతో తీరాల్సిన బాకీ, కట్టే నాటికి పదిహేను బస్తాలు మింగేది.

రెండు పెద్ద పార్టీలూ పట్టించుకోకపోవడంతో రైతు సంఘాలన్నీ కలిసి సొంత పార్టీ పెట్టుకున్నాయి. దాని పేరు పీపుల్స్ పార్టీ, అంటే ప్రజల పార్టీ. 1892 జులైలో నెబ్రాస్కా రాష్ట్రంలోని ఒమాహాలో మహాసభ పెట్టి డిమాండ్ల పత్రం ప్రకటించారు. లాటిన్‌లో ‘పాపులస్’ అంటే ప్రజలు. అలా ఆ పార్టీవాళ్లకు ‘పాపులిస్టులు’ అనే పేరొచ్చింది. ఇవాళ తిట్టుగా వాడే ఆ మాటను వాళ్లు గర్వంగా చెప్పుకున్నారు.

ఇంతకీ వాళ్లడిగిందేమిటి? రైళ్లు ప్రభుత్వం నడపాలి. ఎక్కువ సంపాదించేవాడి మీద ఎక్కువ ఆదాయపు పన్ను వెయ్యాలి. ఓటు రహస్యంగా వేసుకునే ఏర్పాటు ఉండాలి. సెనేటర్లను జనమే నేరుగా ఎన్నుకోవాలి (అప్పట్లో రాష్ట్రాల శాసనసభలు ఎన్నుకునేవి). ఊరికే ఇవ్వమన్నది ఎక్కడా లేదు. ఆ ఏడాది వాళ్ల అధ్యక్ష అభ్యర్థి జేమ్స్ వీవర్‌కు 10 లక్షలకు పైగా ఓట్లొచ్చాయి. 1896లో డెమోక్రటిక్ పార్టీ అభ్యర్థికి మద్దతిచ్చి, ఆయనతోపాటు ఓడిపోయి, ఆ తర్వాత పార్టీ చితికిపోయింది. కానీ 1913లో ఆదాయపు పన్ను, సెనేటర్ల ప్రత్యక్ష ఎన్నిక రెండూ రాజ్యాంగంలోకి ఎక్కాయి. పార్టీ పోయినా దాని కోరికలు చట్టమయ్యాయి.

ఇంతవరకు వింటే పాపులిజం ఎంత మంచిదో అనిపిస్తుంది. రెండో సగం కూడా వినండి.

అదే మనిషి, ఇరవై ఏళ్ల తర్వాత

ఆ పార్టీలో జార్జియా రాష్ట్రం నుంచి టామ్ వాట్సన్ అనే లాయరు ఉండేవాడు. గొప్ప వక్త. బానిసత్వం పోయి ముప్పై ఏళ్లు కూడా కాని ఆ దక్షిణాదిలో, 1892లో, ఆయన తెల్ల రైతులనూ నల్ల రైతులనూ కలిపి నిలబెట్టాలని చూశాడు. ఆయన వాదన సూటిగా ఉండేది: మిమ్మల్ని విడివిడిగా ఉంచేది విడివిడిగా దోచుకోవడానికే. అప్పటి జార్జియాలో ఆ మాట అనడానికే గుండె ధైర్యం కావాలి. ఆయన్ని రిగ్గింగ్‌తో ఓడించారు.

ఓడిన కొన్నేళ్లకు వాట్సన్ మళ్లీ రాజకీయాల్లోకి వచ్చాడు. ఈసారి మనిషి వేరు. నల్లవాళ్లకు ఓటు హక్కు లేకుండా చేయడాన్ని సమర్థించాడు. తన పత్రికల్లో కేథలిక్కుల మీద, యూదుల మీద విషం కక్కాడు. 1913లో అట్లాంటాలో ఒక పెన్సిల్ ఫ్యాక్టరీలో పనిచేసే పదమూడేళ్ల పిల్ల హత్యకు గురైంది. ఫ్యాక్టరీ మేనేజరు లియో ఫ్రాంక్ అనే యూదుడికి ఉరిశిక్ష పడింది. సాక్ష్యం మీద అనుమానాలు ఉన్నాయని 1915లో గవర్నర్ దాన్ని యావజ్జీవ శిక్షగా మార్చాడు. వాట్సన్ పత్రికలు జనాన్ని రెచ్చగొట్టాయి. ఆగస్టులో ఒక గుంపు జైలు నుంచి ఫ్రాంక్‌ని ఎత్తుకెళ్లి చెట్టుకు ఉరేసింది. ఇంత జరిగాక కూడా, 1920లో జార్జియా జనం వాట్సన్‌ను సెనేట్‌కు పంపారు. అదీ నేరుగా ఓటేసి. పాపులిస్టులు కొట్లాడి సాధించుకున్న ఆ ప్రత్యక్ష ఎన్నికలోనే!

ఆయన మొదటి ఉపన్యాసం నుంచి చివరి ఉపన్యాసం వరకు మారని మాట ‘ప్రజలు’. మారిందల్లా ఆ మాటలో ఎవరున్నారన్నదే. మొదట్లో అందులో పక్క పొలం నల్ల రైతు ఉన్నాడు. తర్వాత లేడు. రైలు కంపెనీని ఓడించడం చాలా కష్టం. పక్కింటివాణ్ని శత్రువని చూపించడం చాలా తేలిక. ఓడిపోయిన కోపం తేలిక దారి వెతుక్కుంది.

రష్యాలోనూ ఇలాంటి కథే ఒకటి ఉంది. అక్కడ ‘నరోద్’ అంటే ప్రజలు. 1874 వేసవిలో వేలమంది విద్యార్థులు పల్లెటూరి బట్టలు కట్టుకుని, రైతుల్ని మేల్కొలుపుతామని ఊళ్ల బాట పట్టారు. వాళ్లు మనసులో బొమ్మ గీసుకున్న ప్రజలు వేరు, పల్లెలో ఎదురైన ప్రజలు వేరు. చాలామంది రైతులు పట్టించుకోలేదు. కొందరైతే వాళ్లను పోలీసులకు పట్టించారు. పాపం మంచివాళ్లే. కానీ ‘ప్రజలు’ మన ఊహలో ఒకలా, ఎదురుగా ఒకలా ఉంటారని ఆ వేసవిలో వాళ్లకు తెలిసొచ్చింది.

అందుకే రాజకీయ శాస్త్రవేత్తలు ఇప్పుడు పాపులిజాన్ని పథకాలతో కొలవడం లేదు. సమాజాన్ని రెండు ముక్కలు చేసి చూడటం దాని లక్షణం అంటాడు డచ్ పండితుడు కాస్ ముడ్డే: ఒకవైపు స్వచ్ఛమైన ప్రజలు, ఇంకోవైపు చెడిపోయిన పెద్దలు. జర్మన్ ఆచార్యుడు యాన్ వెర్నర్ ముల్లర్ ఇంకో మెట్టు ఎక్కుతాడు. పెద్దల్ని తిట్టినంత మాత్రాన పాపులిస్టు కాడు, ‘ప్రజల తరఫున మాట్లాడేది నేనొక్కణ్నే’ అన్నప్పుడు అవుతాడు అంటాడు. ఆ ‘ఒక్కణ్నే’ దగ్గరే గొడవంతా.

ఇచ్చిన చెయ్యే నోరు మూసింది

అర్జెంటీనా తీసుకోండి. హువాన్ పెరోన్ కార్మిక శాఖ చూసినప్పుడు కార్మికులకు నిజంగానే మేలు జరిగింది. 1945 అక్టోబరులో ఆయన్ని నిర్బంధిస్తే కార్మికులు రాజధాని వీధులు నింపేసి విడిపించుకున్నారు. 1946లో అధ్యక్షుడయ్యాడు. 1947లో ఆడవాళ్లకు ఓటు హక్కు వచ్చింది. అదే పెరోన్ పాలనలో 1951లో, ఆయన్ని విమర్శించే పెద్ద పత్రిక ‘లా ప్రెన్సా’ను ప్రభుత్వం లాక్కుని తనకు అనుకూలమైన కార్మిక సంఘానికి అప్పగించింది. మేలూ నిజమే, నోరు మూయించడమూ నిజమే. ఒకటి చెప్పి ఇంకోటి దాచేవాడు మీకు సగం కథే చెబుతున్నట్టు.

ఇంకో మలుపు ఉంది. 1955లో సైన్యం పెరోన్‌ను దించేసింది. ప్రజాస్వామ్యాన్ని కాపాడామన్నారు. కాపాడినవాళ్లు ఏం చేశారో తెలుసా? ఆయన పార్టీని నిషేధించారు. పెరోన్ పేరు పలకడం కూడా నేరమని 1956లో ఉత్తర్వు తెచ్చారు. అంటే ఆయనకు ఓటేసిన లక్షలమంది ఇప్పుడు ‘ప్రజలు’ కాకుండా పోయారు. పాపులిస్టు చేసిన తప్పునే ఆయన శత్రువులు ఇంకా పెద్దగా చేశారు.

41 సీట్ల కథ

ఇప్పుడు మన దేశానికి వద్దాం. 1971 ఎన్నికల్లో ఇందిరా గాంధీ నినాదం ‘గరీబీ హటావో’. రెండేళ్ల ముందే 14 పెద్ద బ్యాంకుల్ని జాతీయం చేసి, సొంత పార్టీలోని పెద్ద తలకాయల్ని ఎదిరించారు. జనం మూడింట రెండొంతుల మెజారిటీ ఇచ్చారు. 1975 జూన్ 12న అలహాబాద్ హైకోర్టు ఆమె ఎన్నిక చెల్లదంది. జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ వచ్చింది. ప్రతిపక్ష నాయకులు జైళ్లకు వెళ్లారు, పత్రికలకు సెన్సార్ పడింది. ‘ఇందిరే ఇండియా’ అన్నాడు అప్పటి కాంగ్రెస్ అధ్యక్షుడు దేవకాంత్ బారువా. ఇందిరే ఇండియా అయితే, ఇందిరను కాదన్నవాడు ఏ దేశస్థుడు?

1977లో ఎన్నికలొచ్చాయి. ఉత్తరప్రదేశ్‌లో, బిహార్‌లో కాంగ్రెస్‌కు ఒక్కటంటే ఒక్క సీటు రాలేదు. రాయ్‌బరేలీలో ఆమే ఓడిపోయారు. ‘ప్రజలు తీర్పు చెప్పారు’ అని ఇప్పటికీ పుస్తకాల్లో రాస్తారు. మరి అదే ఎన్నికలో మన ఆంధ్రప్రదేశ్ ఏం చేసిందో తెలుసా? 42 సీట్లలో 41 కాంగ్రెస్‌కే ఇచ్చింది. నంద్యాలలో నీలం సంజీవరెడ్డి ఒక్కరే జనతా పార్టీ తరఫున గెలిచారు.

ఇప్పుడు చెప్పండి, ప్రజలు ఎవరు? లక్నో వాళ్లా, నెల్లూరు వాళ్లా? ఇద్దరూ. అందుకే ‘ప్రజల గొంతు’ అంటూ ఒక్క గొంతు ఎక్కడా ఉండదు. ఉన్నవన్నీ గొంతులే. వాటిని లెక్కపెట్టే పద్ధతే ఎన్నిక. గెలిచినవాడికి ఐదేళ్లు కుర్చీ ఇస్తాం కానీ ఓడినవాడికి ఓటేసినవాళ్లను లెక్కలోంచి కొట్టెయ్యం.

దేవుళ్లు ఓటు మార్చారు

ఇక ఎన్టీఆర్. 1982 మార్చి 29న తెలుగుదేశం పెట్టారు. అంతకు కొద్ది వారాల ముందే బేగంపేట విమానాశ్రయంలో ముఖ్యమంత్రి అంజయ్యకు రాజీవ్ గాంధీ చేసిన అవమానం అందరి నోళ్లలో ఉంది. ముఖ్యమంత్రుల్ని ఢిల్లీ ఇష్టమొచ్చినట్టు మారుస్తోంది. అంటే కోపానికి నిజమైన కారణం ఉంది. ‘సమాజమే దేవాలయం, ప్రజలే దేవుళ్లు’ అంటూ చైతన్య రథం మీద ఊరూరా తిరిగారు. తొమ్మిది నెలల్లో, 1983 జనవరిలో, 294 సీట్లలో 200కు పైగా గెలిచారు. 1984 ఆగస్టులో గవర్నర్ ఆయన్ని దించేస్తే జనం రోడ్డెక్కారు, నెల తిరిగేసరికి మళ్లీ కుర్చీ ఎక్కించారు. తెలుగువాళ్ల ఓటుకు ఢిల్లీ విలువివ్వడం లేదన్న ఆయన మాట ఆ నెలలో అక్షరాలా నిజమైంది.

పాపులిస్టు తీరు ఆయనలోనూ ఉంది. తనకు అడ్డం వచ్చిందేదైనా ప్రజలకు అడ్డమే అన్నట్టు ఉండేవారు. కాంగ్రెస్ బలంగా ఉన్న శాసన మండలిని 1985లో రద్దు చేయించారు. అదే మనిషి కరణం, పటేల్, పట్వారీ పెత్తనాన్ని తీసేశారు, ఆడపిల్లకు ఆస్తిలో సమాన హక్కు తెచ్చారు. మంచీ చెడూ ఒకే దూకుడులోంచి వచ్చాయి.

కానీ 1989 చూడండి. దేవుళ్లు ఓటు మార్చారు. పార్టీ ఓడింది, కల్వకుర్తిలో ఆయనే ఓడిపోయారు. ఏం చేశారు? కుర్చీ దిగి ప్రతిపక్షంలో కూర్చున్నారు. 1994లో అదే దేవుళ్లు మళ్లీ పిలిచారు. ప్రజలే దేవుళ్లన్నవాడు, ఆ దేవుళ్లు వద్దన్నప్పుడు గుడి మెట్లు దిగాలి. దిగేవాడితో మనకు పేచీ లేదు, ఎంత గట్టిగా అరిచినా సరే. దిగనివాడితోనే ప్రమాదం.

బస్తా మీద బొమ్మ

మరి రెండు రూపాయల బియ్యం సంగతి? ఆకలికి బియ్యం ఇవ్వడం సంక్షేమం. 2013లో పార్లమెంటు ఆహార భద్రత చట్టం చేసి, అర్హులైన కుటుంబాల్లో మనిషికి నెలకు 5 కిలోల ధాన్యం హక్కు అంది. హక్కుకు యజమాని మీరు. ఎవరికీ దణ్ణం పెట్టక్కర్లేదు.

హక్కు మీద పేరు మారినప్పుడే కథ మారుతుంది. చంద్రన్న సంక్రాంతి కానుక, జగనన్న విద్యా కానుక, కేసీఆర్ కిట్. కోవిడ్ టీకా సర్టిఫికెట్ మీద ప్రధానమంత్రి ఫోటో. ఏ పార్టీకీ మినహాయింపు లేదు. కానుక అంటే ఏమిటి? ఇచ్చేవాడి జేబులోంచి వచ్చేది. ఈ డబ్బు ఎవరి జేబులోది? మీరు ఫోన్ రీచార్జ్ చేసినప్పుడల్లా 18 శాతం జీఎస్టీ కడుతున్నారు. కూలికెళ్లే అవ్వ కూడా తన ఫోన్ రీచార్జ్‌కి అంతే కడుతుంది. ఆమె డబ్బే ఆమెకు వస్తుంటే పైన అన్న బొమ్మ ఎందుకు?

ఆ బొమ్మ చేసే పని ఒకటుంది. హక్కుదారును రుణగ్రస్తుణ్ని చేస్తుంది. ‘మా అన్న ఇచ్చింది తిని వేరేవాడికి ఓటేస్తావా?’ అని ఊళ్లో కార్యకర్త నిలదీయడానికి వీలు కల్పిస్తుంది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెత ఊరికే పుట్టలేదు.

సిరా చుక్క

మొదటిసారి ఓటెయ్యబోతున్న మీకు దీనితో పనేమిటంటారా? మీ ఫోన్ చేస్తున్నది ఇదే. ఫీడ్‌లో కనిపించే జనమే మొత్తం జనం అనిపిస్తుంది. మీ హీరోను, మీ నాయకుణ్ని ఒక్క మాటంటే ‘అమ్ముడుపోయాడు’, ‘పేటీఎం బ్యాచ్’ అని కామెంట్లు పడతాయి. దాని అర్థం ఏమిటి? మాతో ఏకీభవించనివాడు అసలు మనిషే కాదు, వాడికి సొంత అభిప్రాయం ఉండే వీల్లేదు అని. టామ్ వాట్సన్ పత్రికకు బదులు ఇప్పుడు గ్రూప్ అడ్మిన్ ఉన్నాడు, అంతే తేడా.

కాబట్టి ఈసారి ఎవరైనా స్టేజీ మీద ‘ప్రజలు కోరుకుంటున్నారు’ అంటే వెంటనే చప్పట్లు కొట్టకండి, వెంటనే వెక్కిరించనూ వద్దు. ఆ కోపానికి కారణం నిజమేనా అని చూడండి. ఒమాహా రైతుల విషయంలో నిజమే. బేగంపేట విషయంలోనూ నిజమే. తర్వాత ఆయన చెప్పే ‘ప్రజల్లో’ ఎవరు లేరో వెతకండి. ఏ కులంవాళ్లు, ఏ మతంవాళ్లు, ఏ ప్రాంతంవాళ్లు, ఏ ఊరి నుంచి బతకడానికొచ్చినవాళ్లు బయట మిగిలిపోయారు? కోర్టు కాదంటే, పత్రిక ప్రశ్నిస్తే వాళ్లను ఏమంటున్నాడు? పొరపాటు అంటున్నాడా, ప్రజాద్రోహం అంటున్నాడా? రేపు ఓడితే దిగుతాడా?

ఇవాళ ఆ జాబితాలో మీరున్నారు కదా అని నిశ్చింతగా ఉండొద్దు. జార్జియా నల్ల రైతు కూడా 1892లో ఉన్నాడు.

పోలింగ్ రోజు క్యూలో మీ ముందు నిలబడ్డవాడు మీ పార్టీకి ఓటెయ్యకపోవచ్చు. మీరు చీదరించుకునే పార్టీకే వెయ్యొచ్చు. బయటికొచ్చాక ఆయన వేలు చూడండి. మీ వేలికి పూసిన సిరానే.